నిశికేతుడి వెనకడుగు

మైసయ్య నస్పూర్‌కు తిరిగొచ్చిన సంగతి బెంజమిన్‌కు ఎవరూ చెప్పలేదు. నవంబరు మొదట్లో ఒక ఆదివారం ప్రార్థన ముగిసింది. అందరూ చర్చి వసారాలో చెప్పుల కోసం తోసుకుంటున్నారు. గోడవారగా ఒక ముసలాయన వంగి తన చెప్పు వెతుక్కుంటున్నాడు. ఆ వీపు వెడల్పు, మెడ ఒక పక్కకు వాలిన తీరు బెంజమిన్‌కు ఎక్కడో చూసినట్టు తోచాయి. ఎవరా అనుకునేలోపు ఆయన నిటారుగా లేచి ఇటు తిరిగాడు.

బెంజమిన్ ఉన్నచోటే ఆగిపోయాడు.

“సర్దార్ కాకా! ఎప్పుడొచ్చినవ్?” అన్నాడు నవ్వు తెచ్చిపెట్టుకుని.

మైసయ్య ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. గోడ మీది రాత చదువుతున్నట్టు బెంజమిన్ ముఖాన్ని చూశాడు. ఆ చూపు మర్యాదకు చూసే చూపు కాదు. తర్వాత మెల్లగా అన్నాడు, “వచ్చినం బెన్నీ. ఇగ ఈడనే ఉంటం.”

అంతే. చెప్పులు తొడుక్కుని, భార్య సంతోషమ్మ భుజం మీద చెయ్యి వేసి, గేటు దాటి వెళ్ళిపోయాడు. ఎందుకు వచ్చాడో చెప్పలేదు. గనిలో కూలీల మీద సర్దారుగా, అంటే మేస్త్రీగా పనిచేసి, పన్నెండేళ్ళ కింద రిటైరై ఆదిలాబాద్ పోయిన మనిషి. అక్కడ సంతోషమ్మ వాళ్ళ పుట్టింటి పక్కన ఇల్లు కట్టుకున్నాడు, జామచెట్లు పెట్టుకున్నాడు. డెబ్బై దాటాక ఆ ఇల్లు వదిలి, నస్పూర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లోకి రావాల్సిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్న బెంజమిన్‌తో పాటే ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం కోడికూర ముందు కూర్చుంది. భార్య ప్రిస్కిల్లా “ముద్ద దిగుతలేదేంది?” అని అడిగేదాకా లేవలేదు.

“ఏం లేదు,” అన్నాడు.

బెంజమిన్ భయస్థుడని నస్పూర్‌లో ఎవరితోనైనా చెప్పి చూడండి, నవ్వి పోతారు. శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో అతను పంపు ఆపరేటరు. భూమి అడుగున, తవ్వకం ఆగిపోయి నీళ్ళు ఊరే మూలల్లో, షిఫ్టు మొత్తం ఒక్కడే మిషను పక్కన కూర్చునే పని. మిగతావాళ్ళు ఆ డ్యూటీ పడితే మొహం చిట్లిస్తారు. బెంజమిన్ ఈల వేసుకుంటూ దిగుతాడు. పైకప్పు చిటపటలాడిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, “నువ్వు వచ్చినవని పలకరించింది తీ” అని నవ్వుతాడు. ఆ నవ్వు మామూలుది కాదు. కడుపులోంచి లేచి, గొంతులో దొర్లి, గ్యాలరీ సొరంగం చివరిదాకా పోయి మళ్ళీ తిరిగొస్తుంది. బెన్నీ నవ్వు వినపడితే చాలు, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ధైర్యం వచ్చేది.

ఆ నవ్వే అతన్ని మాంత్రికుణ్ణి చేసింది. క్రిస్మస్ వారంలో చర్చివాళ్ళు కాలనీ మైదానంలో ఏటా ఒక నాటకం వేస్తారు. పాత పాస్టరు గారు పిల్లల కోసం రాసిన కథ, ‘దివ్వెల దేశం’ దాని పేరు. నిశికేతుడనే మాంత్రికుడు ఒక దేశంలోని దీపాలన్నీ ఎత్తుకుపోయి గుహలో దాచుకుంటాడు. సైనికులు వస్తే నవ్వుతాడు, రాజు వస్తే నవ్వుతాడు. చివరికి చేతికర్ర పట్టుకుని ఒక ముసలి గురువు వస్తాడు. “ఎవడ్రా అక్కడ?” అని మాంత్రికుడు గద్దిస్తాడు. “నేనే, నిశికేతా” అంటాడు గురువు. అంతే, మాంత్రికుడు వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంటాడు. దీపాలు బయటికొస్తాయి. కాలనీలో హిందువులు, ముస్లింలు, అందరూ పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చి చూస్తారు. నిశికేతుడు బెంజమిన్. మొదట్లో గురువు వేషం మైసయ్యది.

మైసయ్య ఆదిలాబాద్ పోయాక ఆ వేషం సదానందానికి వచ్చింది. పాపం, మంచివాడే కానీ మైకు ముందు నోరు పెగలదు. అప్పటి నుంచి నాటకం మొత్తం నిశికేతుడిదే అయిపోయింది. జనం అతని నవ్వు కోసమే వచ్చేవాళ్ళు. వెనకడుగులు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి, చివరికి ఊరికే భుజం కదిపినట్టు అయ్యాయి. మైసయ్య వెళ్ళిపోయిన రోజు బెంజమిన్ బస్టాండు దాకా సామాను మోశాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బస్సు కదిలాక మాత్రం ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఆ తేలిక ఎందుకో అతనికి బాగా తెలుసు.

అతని బాపుకు ఊపిరితిత్తులు చెడిపోతే, ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. అప్పుడు బెంజమిన్‌కు ఇరవై ఏళ్ళు. మొదటి రోజు మైసయ్య సర్దార్ వెనక ఏటవాలు దారిలో గనిలోకి దిగాడు. వెనక వెలుతురు ముందు తలుపంత అయింది, తర్వాత అరచేయంత అయింది, తర్వాత లేదు. ఒక మలుపు దగ్గర ఎక్కడో పైకప్పు లోపల పెద్దగా ఏదో విరిగిన చప్పుడైంది. బెంజమిన్ అక్కడే కూలబడ్డాడు. టోపీ దీపం ఊడి పడింది. మోకాళ్ళు పట్టుకుని, “బాపూ, నేను పోత, నన్ను పైకి తోల్కపో” అని పిల్లాడిలా ఏడ్చాడు. బట్టలు కూడా తడిసిపోయాయి.

మైసయ్య తిట్టలేదు. పక్కన కూర్చుని దీపం తీసి అతని తలకు పెట్టాడు. “ఏడుపు ఆగుతలేదా? మరైతే నవ్వు. గట్టిగ నవ్వు. రెండింటికి ఊపిరి ఒక్కటే. అవతల మంది ఉన్నరు, ఆళ్ళకు నవ్వే ఇనవడాలె,” అన్నాడు.

బెంజమిన్ ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు గ్యాలరీలో గింగిర్లు కొట్టింది. అవతలి నుంచి ఎవరో కేకేశారు, “ఎవడే గా రాచ్చసుడు?”

“కొత్త పిల్లగాడు. మస్తు గుండె ఉన్నోడు,” అని మైసయ్య బదులిచ్చాడు. తన సీసాలోని నీళ్ళు బెంజమిన్ పాంటు మీద కుమ్మరించి, “నీళ్ళల్ల పడ్డ అని చెప్పు” అని చెవిలో చెప్పాడు.

బెంజమిన్ పేరు మొత్తం ఆ ‘మస్తు గుండె ఉన్నోడు’ అన్న మాట మీద నిలబడి ఉంది. తర్వాత ధైర్యం నిజంగా వచ్చిందో, వచ్చినట్టు నటించడం అలవాటైందో అతనికే తెలియదు. ప్రిస్కిల్లాకు కూడా చెప్పలేదు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడు ముప్పై ఏళ్ళుగా ఎవరితోనూ అనలేదు. కల్లు తాగినప్పుడు అనలేదు. కోపమొచ్చినప్పుడు అనలేదు. ఒకసారి యూనియన్ ఎన్నికల్లో ఇద్దరూ చెరో పక్క నిలబడి మాటామాటా అనుకున్నారు, అప్పుడూ అనలేదు. అదే బెంజమిన్‌ను ఎక్కువ భయపెట్టేది. అనేవాడైతే అని ఊరుకునేవాడు. అనకుండా దాచుకున్నవాడు దేనికోసం దాచుకున్నట్టు?

*

సదానందానికి ఆ ఏడు మోకాలి ఆపరేషన్ అయింది. నాటకం బాధ్యత బెంజమిన్ కూతురు ఆరాధన నెత్తిన వేసుకుంది. మంచిర్యాలలో డిగ్రీ చదివే పిల్ల, ఏ పని పట్టుకున్నా వదలదు. “మైసయ్య తాతను అడిగిన డాడీ. చేస్తనన్నడు,” అని భోజనాల దగ్గర చెప్పింది.

“ఆయనతోని ఏమైతది ఈ వయసుల? ఇంకెవలన్న దొరుకుతరు, చూడు.”

“తాత కంటే ఎవలు మంచిగ చేస్తరు? నువ్వే అంటుంటివి గదా, నాకు అన్నీ నేర్పింది సర్దార్ కాకనే అని.”

అన్న మాట నిజమే. బెంజమిన్ చెయ్యి కడుక్కుని లేచాడు.

సాయంత్రాలు చర్చి వెనక రేకుల షెడ్డులో రిహార్సల్ మొదలైంది. మైసయ్య అందరికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. బెంజమిన్ తన మాటలు అందుకున్నప్పటి నుంచీ ఆయన చూపు అతని ముఖం మీదే ఉండేది. గురువు అనాల్సిన మాటలు లేని చోట కూడా అదే చూపు. ఈగ వాలినా రెప్ప పడదు. నిశికేతుడు నవ్విన ప్రతిసారీ మాత్రం తల దించుకునేవాడు. పెదవి చివర చిన్న కదలిక. అది నవ్వా, వెటకారమా?

ఒకరోజు బెంజమిన్ పరీక్ష పెట్టాడు. టీ తాగుతుండగా ఆయన వెనక నిలబడి, మామూలుగా అన్నట్టు అన్నాడు, “కాకా, మనం కలిసి దిగిన మొదటి షిఫ్టు యాదికున్నదా?”

మైసయ్య తల తిప్పలేదు. గ్లాసు ఊదుకుంటూ తాగాడు. కాసేపయ్యాక, ఎవరూ అడగకుండానే, “చాయ్‌ల అల్లం దంచేసిండ్రు” అన్నాడు.

ఎంత జాగ్రత్తగా తప్పించుకున్నాడు! లేదా వినపడనట్టు ఊరుకుని, నువ్వింకా అక్కడే ఉన్నావా అని చెప్పకనే చెప్పాడా? ఆ తర్వాత బెంజమిన్‌కు ప్రతిదీ కనపడసాగింది. తను షెడ్డులోకి రాగానే ఆరాధన, మైసయ్య మాట్లాడుకోవడం ఆపేస్తున్నారు. ఒకసారి కిటికీలోంచి చూస్తే ఆరాధన ఆయనకు ఎదురుగా దగ్గరగా కూర్చుని, నోరు పెద్దగా తెరిచి ఏదో చెబుతోంది, ఆయన తల ఊపుతున్నాడు. నిశికేతుడిలా నోరు తెరిచి చూపిస్తోందనిపించింది బెంజమిన్‌కు. తండ్రి లోపలికి రాగానే గభాలున లేచి కాగితాలు సర్దుకుంది.

“ఏందే ముచ్చట?”

“ఏం లేదు డాడీ, డైలాగులు.”

అతను ఇంట్లో చెప్పే “ఏం లేదు” లాగే ఉంది అది.

ఇంకో వారం గడిచాక ఆరాధన అడిగింది. ఇంటిముందు గచ్చు మీద ఇద్దరూ చిక్కుడుకాయలు తుంచుతున్నారు. “డాడీ, నాకొకటి సమజైతలే. నిశికేతునికి సైన్యమంటే భయం లేదు, రాజంటే భయం లేదు. గురువు ముసలోడు. కత్తి లేదు, మంత్రం సుత చదవడు. ‘నేనే’ అంటడు, అంతే. మరి గాయినకు ఎందుకు భయపడాలె? రాసిన పాస్టరు గారు లేరు. తాతను అడిగిన.”

“ఏమన్నడు?” బెంజమిన్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

“నవ్విండు. గా ముచ్చట మీ డాడీనే అడుగు, ఆయనకే ఎర్క అన్నడు.”

ఇది ఊరికే అన్న మాట కాదు. ఒక్కొక్క పొరా ఊడదీస్తున్నాడు ముసలాయన. ముందు కూతురి చేత అడిగించాడు. తర్వాత? నాటకం రోజు, కాలనీ అంతా కూర్చున్నాక, మైకు పట్టుకుని?

“నాకేం ఎర్క? పాస్టరు గారు రాసిండు, నేను చేస్తున్న,” అని కసిరాడు. ఆరాధన చిన్నబుచ్చుకుంది.

ఆగలేక ఒక మధ్యాహ్నం, మైసయ్య పెన్షన్ పని మీద మంచిర్యాల పోయాడని తెలిసి, వాళ్ళింటికి వెళ్ళాడు. సంతోషమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది.

“చిన్నమ్మా, ఆదిలాబాద్ల అంత మంచి ఇల్లు ఇడిసిపెట్టి గీ కిరాయి ఇంట్లకెందుకొచ్చిండ్రు? ఏమన్న తక్లీఫా?”

“మీ కాకనే పట్టు పట్టిండు బిడ్డా. నస్పూర్ పోదాం, బెన్నీ ఉన్నడు, ఆళ్ళందరున్నరు అని ఒకటే పోరు. నీ పేరు తియ్యని దినం లేదు.”

“నా పేరా? ఎందుకు?”

సంతోషమ్మ చేట ఆపింది. ఏదో చెప్పబోయి, వాకిలి వైపు చూసి, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. “ఆయన చెప్పకుమన్నడు తీ. ఆయనే చెప్తడు, టైమొచ్చినప్పుడు.”

బెంజమిన్ నీళ్ళ గ్లాసు అలాగే పెట్టేసి లేచాడు. ఇక అనుమానం లేదు. టైమొచ్చినప్పుడు అంటే నాటకం రోజే. దానికి ముందే తను ఏదో ఒకటి చెయ్యాలి.

ఏం చెయ్యాలో రిహార్సల్‌లోనే తట్టింది. గురువు వచ్చే చోట నిశికేతుడు ఆయన వైపు తిరిగి గద్దించాలి. తిరగకపోతే? వీపు చూపించి, జనం వైపు నిలబడి, ఆయన్ని పురుగులా తీసిపారేస్తే? ఆ చోట లేని నవ్వు ఒకటి నవ్వితే? ముసలాయన తడబడతాడు. తడబడ్డ మనిషి తర్వాత ఏం చెప్పినా, మతి తప్పి మాట్లాడుతున్నాడనే అనుకుంటారు జనం.

*

నాటకం రోజు చీకటి పడేసరికే మైదానం నిండిపోయింది. చాపలు, కుర్చీలు, బఠాణీల బండ్లు. స్టేజీ మీద అట్టపెట్టెల గుహ, అందులో బుట్టనిండా ప్రమిదలు. నిశికేతుడు నల్ల గొంగడి కప్పుకుని, మొహానికి బొగ్గు పూసుకుని రాగానే ఈలలు మోగాయి. సైనికులను తరిమాడు. రాజు కిరీటం లాక్కుని తొక్కాడు. ఒక్కో నవ్వుకూ ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్ళో దూరుతున్నారు.

గురువు వచ్చే ఘట్టం వచ్చింది. ఎడమ పక్క నుంచి కర్ర చప్పుడు వినపడింది. బెంజమిన్ అటు తిరగలేదు. జనం వైపు నిలబడి, చెయ్యి నడుం మీద వేసుకుని అన్నాడు, “ఎవడ్రా అక్కడ? ముసలి పీనుగా? ఇంతమంది వచ్చి పోయారు, నువ్వెంత? రా, వచ్చి నా కాళ్ళు పట్టుకో!” ఆ వెంటనే నవ్వాడు, తన బతుకులో ఎన్నడూ నవ్వనంత పెద్దగా.

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాయి. వెనక నుంచి “నేనే, నిశికేతా” అన్న మాట రాలేదు.

బెంజమిన్ ఆగాడు. లోపల సంతోషం పొంగింది. ఇంకాసేపు ఆగాడు. చాపల మీద నుంచి ఎవరో అన్నారు, “తాత మర్శిపోయిండు.” ఇంకెవరో కిసుక్కుమన్నారు. అప్పుడు తెర పక్కన ఆరాధన కనపడింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఒక వేలు చెవి మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపుతోంది. మళ్ళీ ఆ వేలే పెదాల మీద పెట్టుకుని, తిరుగు, తిరుగు అని చేత్తో చుట్టి చూపిస్తోంది. ఒకసారి కాదు, పిచ్చిదానిలా పదే పదే.

బెంజమిన్ తిరిగాడు.

మైసయ్య స్టేజీ మధ్యలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు బెంజమిన్ వీపు మీద, ఆరాధన మీద, జనం మీద పరుగెత్తుతున్నాయి. కర్ర చివర టకటకమని చెక్కను తాకుతోంది. ఎవరు ఏమన్నారో, ఎందుకు నవ్వారో, తన మాట వచ్చిందో పోయిందో తెలియని చూపు. ఆ చూపు బెంజమిన్‌కు కొత్త కాదు. టోపీ దీపం ఊడిపడ్డ రోజు తన కళ్ళు ఇలాగే ఉండి ఉంటాయి.

టీ గ్లాసు, అల్లం, కిటికీలోంచి చూసిన కూతురి నోరు, ముఖాన్ని చదివే ఆ చూపు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ముసలాయన నెలన్నరగా తన లోపలికి తొంగిచూడలేదు. పెదాలు చూశాడు, అంతే. తను ఆ పెదాలను దాచేశాడు, ఇంతమంది ముందు.

రెండు అడుగులు దగ్గరికి వెళ్ళి, మైసయ్య ముఖానికి ముఖం పెట్టి, ఒక్కో అక్షరం విడగొట్టి అడిగాడు, “ఎవడ్రా... అక్కడ?”

మైసయ్య కళ్ళు కుదుటపడ్డాయి. కర్ర కదలడం ఆగింది. “నేనే, నిశికేతా,” అన్నాడు.

బెంజమిన్ వెనక్కి నడిచాడు. ఎన్ని అడుగులు వేయాలో గుర్తు లేదు. కాళ్ళు వాటంతటవే పోయాయి. గుహ అట్టలకు వీపు తగిలి, అట్టలు కూలి, ప్రమిదల బుట్ట పక్కన కింద కూర్చుండిపోయాడు. జనం అది నాటకంలో భాగమే అనుకున్నారు. ఇన్నేళ్ళలో నిశికేతుడు ఇంత భయపడటం ఎన్నడూ చూడలేదని సదానందం తర్వాత వారం రోజులు చెప్పుకున్నాడు.

తెర పడ్డాక ఆరాధన తండ్రి మీద పడింది. “ఎందుకట్ల చేసినవ్ డాడీ? తాత నీ మొహం చూసే గదా మాట అందుకునేది!”

“నాకు చెప్పకపోతిరి.”

“నేనే చెప్పద్దన్న,” అన్నాడు మైసయ్య. ఆయన అలసిపోయి కుర్చీలో కూలబడి ఉన్నాడు, అతికించిన గడ్డం సగం ఊడి వేలాడుతోంది. “చెవులు పోయినయని తెలిస్తే వేషం ఇయ్యరు గదా. నీకైతే అస్సలు చెప్పద్దన్న. సర్దార్ కాక అంటే పానం ఇస్తుంటివి నువ్వు. పాపమని చూస్తవని షరమైంది.”

డ్రిల్లింగ్ మిషన్ల పక్కన గడిచిన బతుకు. చెవులు మెల్లమెల్లగా పోయాయట. ఆదిలాబాద్‌లో చుట్టూ కొత్త మొహాలు, పక్కింటివాళ్ళది సగం మరాఠీ. ఎవరి పెదాలూ అర్థం కాలేదు. “ఈడనైతే తెలిసిన మూతులు. మాట ఇనవడకున్నా ఏమంటరో ఎర్కైతది. అందుకే వచ్చిన,” అన్నాడు.

బెంజమిన్ ఎదురుగా కింద కూర్చున్నాడు. ఆరాధన గడ్డాలు, కిరీటాలు పెట్టెలో సర్దడానికి అవతలికి పోయింది. ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేననిపించింది. ముఖం ఎత్తి, పెదాలు కదిపి, గొంతు చాలా తగ్గించి అడిగాడు, “కాకా, మొదటి దినం నేను ఏడ్చిన సంగతి ఎవలకన్న చెప్పినవా?”

మైసయ్య వేలాడుతున్న గడ్డం పీకి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఏడ్చినవా? ఎప్పుడు? నువ్వు నవ్వినవ్ గదా,” అన్నాడు.

*

ఆ మాట బెంజమిన్ నమ్మలేదు. నమ్మాలని చూశాడు. డెబ్బై దాటిన మనిషి, ఎంతమందిని గనిలోకి దింపాడో, అందరివీ గుర్తుంటాయా? మరి ఆరాధనతో “మీ డాడీకే ఎర్క” అని ఎందుకన్నాడు? మర్చిపోయినవాడు అలా అనడు. గుర్తున్నవాడు ఇలా అనడు. జనవరి నెలంతా ఈ రెండింటి మధ్య తిరిగాడు. ఆ తిరగడంలోనే ఎప్పుడు మొదలైందో గానీ, మైసయ్యకు బ్యాంకులో, రేషన్ దగ్గర, చర్చిలో అతనే పక్కన ఉండసాగాడు. ఎదుటివాళ్ళు అన్నదాన్ని ఆయన వైపు తిరిగి పెదాలతో చెప్పేవాడు. ప్రిస్కిల్లా ఆశ్చర్యపోయింది, “నెల కింద ఆయన పేరెత్తితే గుడ్లురిమితివి గదా,” అని.

కరీంనగర్‌లో మంచి చెవుల డాక్టరు ఉన్నాడని ఎవరో చెబితే, ఒకరోజు సెలవు పెట్టి బస్సులో తీసుకుపోయాడు. డాక్టరు మైసయ్యను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు మిషను తగిలించి, చప్పుడు వినపడినప్పుడు చెయ్యి ఎత్తమన్నాడు. బెంజమిన్ అద్దం ఇవతల నుంచి చూస్తున్నాడు. చాలాసేపు చెయ్యి లేవలేదు. తర్వాత లేచింది. మళ్ళీ లేచింది.

“సన్న శబ్దాలు మొత్తం పోయినయి,” అని డాక్టరు చెప్పాడు. “అందుకే మాటలు విడివిడిగా అందవు. ఎవరో మాట్లాడుతున్నరని తెలుస్తది, ఏమంటున్నరో తెలువదు. బరువు శబ్దాలు మాత్రం బాగానే అందుతున్నయి. డప్పు, లారీ, అట్లాంటివి.”

బెంజమిన్ ముందుకు వంగాడు. “నవ్వు? బొంగురు గొంతుతోని గట్టిగ నవ్వితే?”

“ఎందుకు వినపడదు? మంచిగ వినపడతది.”

అంటే రిహార్సల్‌లో ప్రతిసారీ విన్నాడు. విని తల దించుకున్నాడు.

చెవి మిషను చేసివ్వడానికి పది రోజులు పడుతుందన్నారు. తిరుగు బస్సులో సీట్లన్నీ నిండి ఉన్నాయి. కొండగట్టు పోయి వస్తున్న కాషాయ బట్టలవాళ్ళు, బుట్టలతో ఆడవాళ్ళు, ఫోనుల్లో పాటలు. మైసయ్య కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. కరీంనగర్ దాటేదాకా బెంజమిన్ ఊరుకున్నాడు. తర్వాత ఆయన భుజం తట్టి తనవైపు తిప్పుకున్నాడు. బస్సు రొదలో మాట పోతుందని గొంతు పెంచాడు.

“కాకా, నేను ఏడ్చిన. పాంటు తడుపుకున్న. నీకు మంచిగ యాదున్నది. ఏడ్చినవా అని అబద్ధమాడినవ్.”

ముందు సీటులో ఆడమనిషి వెనక్కి తిరిగి చూసింది. కాషాయ బట్టల కుర్రాడు ఫోను పాట తగ్గించాడు.

మైసయ్య గాభరాగా బెంజమిన్ మోకాలు నొక్కాడు. చుట్టూ ఒకసారి చూసి, అతని దగ్గరికి వంగాడు.

“మెల్లగ అను బెన్నీ,” అన్నాడు. “బస్సుల మంది ఉన్నరు, ఆళ్ళకు ఇనవడతది.”